టైరు ధర వేరు, ఫిట్టింగు చార్జీ వేరు: వచ్చే నెల నుంచి మా దగ్గర మార్పులు

మా దగ్గర లారీ టైర్లు కొనే ఓనర్లకు, బండ్లు చూసుకునే మేనేజర్లకు, డ్రైవర్లకు నమస్కారం.

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మా బిల్లు మారుతోంది. ఇన్నాళ్లూ టైరు, ఫిట్టింగు, వాల్వు, బ్యాలెన్సింగు అన్నీ కలిపి ఒకే అంకె చెప్పేవాళ్లం. ఇకమీదట టైరు ధర ఒక వరసలో, పని చార్జీ ఇంకో వరసలో రాస్తాం. ఇంకో మార్పు కూడా ఉంది. ఆన్‌లైన్‌లో కొన్న టైరైనా, పెద్ద డిస్కౌంట్ స్టోర్లో కొన్న టైరైనా మా దగ్గరికి తెస్తే బిగిస్తాం. ఇంతకుముందు బయటి టైరు ముట్టుకునేవాళ్లం కాదు. కొన్ని షరతులున్నాయి, కింద చెబుతాను.

కారణం దాచడం ఎందుకు? కౌంటర్ దగ్గర రోజూ వినే మాటే ఇది: "అన్నా, ఇదే టైరు ఫోన్లో తక్కువకు చూపిస్తోంది, నువ్వెందుకు ఇంత చెబుతున్నావు?" అడిగేవాళ్లది తప్పేమీ కాదు. మేం చెప్పే ధరలో పని కలిసి ఉంటుంది, ఫోన్లో కనిపించే ధరలో ఉండదు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మేం దోచుకుంటున్నట్టే అనిపిస్తుంది. అలాగని తేడా అంతా పని చార్జీయే అంటే అది అబద్ధం. పని తీసేసి చూసినా చాలాసార్లు ఆన్‌లైన్ ధర మా ధరకంటే తక్కువే. వాళ్లు గోదాములకు గోదాములు నింపేంత సరుకు ఎత్తుతారు కాబట్టి కంపెనీ వాళ్లకిచ్చే తగ్గింపు మాకివ్వదు. పైగా మా సరుకులో సగం అరువు మీద పోతుంది. ఆ ధరకు అమ్మాలని పట్టుబడితే నేను షట్టర్ దించుకోవాల్సిందే. అందుకే ధరలో పోటీకి దిగను. ఏది ఎక్కడ కొంటే మీకు కలిసొస్తుందో నాకు తెలిసినంతలో చెబుతాను. కొనడం మీ ఇష్టం.

ఏ టైరు కావాలో మీకు ముందే ఖాయంగా తెలిసుంటే ఆన్‌లైన్ బాగానే పనిచేస్తుంది. బ్రాండు, ప్యాటర్న్, సైజు, లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) అన్నీ తెలిసి, ఆ టైరు మీ రూట్లో మీ బండి కింద ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో లెక్క కూడా మీ దగ్గర ఉంటే, ఇరుసు మొత్తానికి ఒకేసారి తెప్పించుకోండి. ట్రెయిలర్ టైర్లకు ఇది ఇంకా బాగా కుదురుతుంది. అరుదైన సైజుల విషయంలో అయితే మేం కూడా ఆర్డర్ పెట్టి ఎదురుచూడాల్సిందే, మధ్యలో మా మార్జిన్ మీకెందుకు?

తేడా వచ్చేది మిగతా సందర్భాల్లో. మొదటి తిరకాసు సైజు దగ్గరే ఉంది. 295/80 ఆర్ 22.5 అని వెతుకుతారు. 295 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 80 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు శాతం, ఆర్ అంటే రేడియల్, 22.5 అంటే అంగుళాల్లో రిమ్ము. అక్కడితో ఆగిపోతారు. కానీ దాని పక్కనే 152/148 ఎం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 152 అంటే ఆ టైరు ఒంటరిగా 3550 కిలోలు మోస్తుంది, 148 అంటే జతలో (ఇరుసుకు ఒక్కో పక్క రెండేసి) ఉన్నప్పుడు ఒక్కోటి 3150 కిలోలు. ఎం అంటే గంటకు 130 కిలోమీటర్ల వేగం వరకు. ఇదే సైజులో 154/149 కూడా దొరుకుతుంది. దాని లెక్క 3750, 3250. జత చక్రాల ఇరుసుకు నాలుగు టైర్లు కాబట్టి మొదటి రకంతో 12,600 కిలోలు, రెండో రకంతో 13,000. రెండింటి ఫొటోలు చూస్తే తేడా ఏమీ తెలియదు. చౌకగా కనిపించిన టైరు లోడ్ ఇండెక్స్ ఎంతో చూడకుండా డబ్బు కట్టకండి.

ట్యూబు టైర్లు వాడేవాళ్లకు ఇంకో మాట. 10.00 ఆర్ 20 ధర చూసినప్పుడు అందులో ట్యూబు, ఫ్లాపు (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య వేసే రబ్బరు పట్టీ) కలిసున్నాయో లేదో చూడండి. ఒక చోట మూడూ కలిపిన ధర పెడతారు, ఇంకో చోట ఒట్టి టైరుదే పెడతారు. కొలతల్లో దీనికి దగ్గరగా ఉండే ట్యూబ్‌లెస్ 11 ఆర్ 22.5. ఆ మాట ఎక్కడో చదివి, ఉన్న 20 అంగుళాల రిమ్ములకే దాన్ని తెప్పించుకునేవాళ్లున్నారు. అది ఆ రిమ్ముకు ఎక్కదు. ట్యూబ్‌లెస్‌కు మారాలంటే రిమ్ములు కూడా మార్చాలి, ఆ ఖర్చు టైరు ధరలో కనిపించదు.

డిస్కౌంట్ స్టోర్ల సంగతికొస్తే, అక్కడ ముందుగా చూడాల్సింది తయారైన తేదీ. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3523 అంటే 2023లో 35వ వారం. కొన్ని టైర్లకు ఈ నాలుగు అంకెలు ఒక పక్కనే ఉంటాయి, బిగించాక అది లోపలి వైపుకు పోతే ఇక చూడలేరు. కాబట్టి కొనేటప్పుడే చూడాలి. పాత తేదీ అనగానే టైరు పాడైపోయిందని కాదు. ఎండ తగలకుండా చల్లటి చీకటి గదిలో ఉన్న టైరు ఏడాది దాటినా ఏమీ కాదు. ఆరుబయట పేర్చినదైతేనో, కరెంటు మోటార్లు, వెల్డింగ్ జరిగే చోట పెట్టినదైతేనో అక్కడ పుట్టే ఓజోన్‌కు రబ్బరు సన్నగా పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లు కళ్లకు కనిపిస్తాయి, వంచి చూస్తే ఇంకా బాగా కనిపిస్తాయి. మా దగ్గరా ఎక్కువగా అడగని సైజులు ఏడాది పైబడి కూర్చుంటాయి. అందుకే వచ్చే నెల నుంచి మేం అమ్మే ప్రతి టైరు తేదీ కోడ్ బిల్లు మీద రాస్తాం. పాతదైతే మీరే చూసి బేరమాడుకోవచ్చు.

డిస్కౌంట్ స్టోర్లలోనే కొత్త బండ్ల నుంచి విప్పిన టైర్లు, పైపైన మచ్చో గీతో పడి పక్కకు తీసిన టైర్లు కూడా ఉంటాయి. ఇవి మంచి బేరమే కావచ్చు. వారంటీ ఉందా లేదా అన్నది బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట చాలదు.

ఇక మేం నిజంగా పనికొచ్చే చోటు జత టైర్లు. జతలో ఒకటి పేలింది. రెండోది సగం పైగా అరిగి ఉంది. ఫోన్లో కొత్తది ఒకటి బుక్ చేశారు. కొత్తదానికి 20 మిల్లీమీటర్ల లోతు గ్రిప్పు, పక్కదానికి 8 మిగిలి ఉందనుకుందాం. తేడా 12 మిల్లీమీటర్లు అనిపిస్తుంది గానీ చక్రం మొత్తం ఎత్తులో అది 24, ఎందుకంటే పైనా కిందా రెండు చోట్లా లెక్కే. లారీ సైజుల్లో జత టైర్ల ఎత్తులో తేడా సుమారు అర అంగుళం, అంటే 12, 13 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఎత్తుగా ఉన్నది బరువంతా నెత్తినేసుకుని వేడెక్కుతుంది, పొట్టిగా ఉన్నది రోడ్డుకు ఈడ్చుకుంటూ అరుగుతుంది. ఒకే ఇరుసుకు కట్టేసినవి కాబట్టి రెండూ ఒకే చుట్టు తిరగాలి, కుంటి ఎద్దును జోడు కట్టినట్టే. ఇలాంటప్పుడు కొత్త టైరు కొనకండి, నా దగ్గరైనా సరే. మా షెడ్డులో వాడిన మంచి టైర్లు కొన్ని ఎప్పుడూ ఉంటాయి, గేజీతో కొలిచి దగ్గరగా ఉన్నది చూసి వేస్తాం. లేదంటే మీ స్టెప్నీనో ఇంకో ఇరుసు టైరునో కలిపి జత కుదురుస్తాం. ఈ పని ఏ వెబ్‌సైటూ చేయలేదు.

చౌక టైరు మంచిదా, ఖరీదైన టైరు మంచిదా అని అడిగితే మాత్రం నా జవాబు బండిని బట్టి మారుతుంది. ముందు టైరుకు కొత్తలో 15 మిల్లీమీటర్ల గ్రిప్పు ఉందనుకోండి. 3 దగ్గర తీసేస్తే వాడుకునేది 12. ఒక టైరు మిల్లీమీటరుకు 8 వేల కిలోమీటర్లు ఇస్తే మొత్తం 96 వేలు, ఇంకోటి 6 వేలు ఇస్తే 72 వేలు. అంటే రెండోది కనీసం పావు వంతు చౌకగా దొరికితేనే సమానం. దానికి కేసింగ్, అంటే గ్రిప్పు కింద ఉండే టైరు ఒళ్లు, కూడా కలపాలి. మంచి కేసింగ్‌ను రీట్రెడ్ చేయించి (పైన కొత్త గ్రిప్పు వేయించి) మళ్లీ నడపొచ్చు, నాసిరకం కేసింగ్ మొదటి జీవితంతోనే తుక్కు. పగలూ రాత్రీ హైవే మీద ఉండే బండికి ఈ లెక్క ఖరీదైన టైరు వైపే మొగ్గుతుంది. క్వారీల్లో, సైట్ల మీద తిరిగే టిప్పర్లకు అలా కాదు. అక్కడ టైరు అరిగి చావదు, రాయి కోసి చస్తుంది. హైవే ప్యాటర్న్ ఖరీదైన టైరు అక్కడికి దండగ. నెలకు నాలుగు ట్రిప్పులు కూడా తిరగని బండికీ అంతే, గ్రిప్పు అరిగేలోపే రబ్బరు ముసలిదైపోతుంది. ఇలాంటి బండ్లవాళ్లు డిస్కౌంట్ స్టోర్లో కొంటామంటే నేను అడ్డు చెప్పను.

క్లెయిమ్ గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను, ఎందుకంటే మాలాంటి షాపులవాళ్లు దీన్ని కాస్త ఎక్కువ చేసి చెప్పి అమ్ముతుంటారు. మా దగ్గర కొన్న టైరుకు తయారీ లోపం వస్తే కంపెనీతో మాట్లాడటం, టైరు పంపడం, వెంటపడటం మా పని. ఈలోగా బండి ఆగకుండా దేనితో నడపాలో కూడా చూస్తాం. అయితే వేసిన ప్రతి క్లెయిమూ పాసవదు. పాసైనా కొత్త టైరు ఉచితంగా రాదు, మిగిలిన గ్రిప్పును బట్టి లెక్కకట్టి అంతమేరకు తగ్గిస్తారు. గాలి తక్కువతో నడిపిన టైరైతే లోపల పక్క గోడల మీద గుర్తులు పడిపోతాయి, వాటిని దాచలేం. ఆన్‌లైన్‌లో కొన్న టైరుకు కూడా కంపెనీ వారంటీ ఉండొచ్చు. అమ్మింది ఆ కంపెనీ అనుమతి ఉన్న డీలరో కాదో కొనేముందు చూడండి. వేరే దేశం మార్కెట్‌కు తయారై అడ్డదారిన వచ్చిన టైరుకు అడిగే దిక్కుండదు. ఒక్కో టైరు 60 కిలోల దాకా తూగుతుంది, తిరిగి పంపాలంటే రవాణా ఎవరు భరిస్తారన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఒకసారి రిమ్ముకు ఎక్కించాక చాలామంది వెనక్కి తీసుకోరు.

ఇప్పుడు షరతులు. బయటి టైరును బిగించే ముందు లోపలా బయటా చూస్తాం. రిమ్మును పట్టుకునే అంచు, అంటే బీడ్, నలిగిపోయి ఉన్నా, పగుళ్లున్నా, ఆ ఇరుసు బరువుకు లోడ్ ఇండెక్స్ చాలకపోయినా బిగించం. ఒకే ఇరుసు మీద ఒక పక్క నైలాన్ (రేడియల్ కాని పాత రకం), ఒక పక్క రేడియల్ అడిగినా బిగించం. వాడిన టైరు తెస్తే ఇంకా గట్టిగా చూస్తాం. ఉండాల్సిన గాలిలో 80 శాతం కంటే తక్కువతో నడిచిన టైరును గాలి లేకుండా నడిచినట్టే లెక్క వేసుకోవాలి. దాని పక్క గోడలో ఉక్కు తీగలు లోపల్లోపలే తెగి ఉండొచ్చు, పైకి ఏమీ కనపడదు. మళ్లీ గాలి పట్టేటప్పుడు ఆ గోడ చుట్టు వెంబడి జిప్పు తెరుచుకున్నట్టు చీలుతుంది. వందకు పైగా పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న లారీ టైరు అలా చీలితే పక్కనున్న మనిషి బతకడం కష్టం. ఇనుప బోనులో పెట్టి, దూరంగా నిలబడి పొడుగు పైపుతోనే గాలి పడతాం, అయినా ఆ బోను దగ్గర ఉండేది మా కుర్రాడు. కాబట్టి "ఏం కాదులే, పట్టేయ్" అని తొందరపెట్టకండి. ఈ ఒక్క విషయంలో పాత కస్టమర్ అయినా, పెద్ద కస్టమర్ అయినా మా జవాబు మారదు.

బయటి టైరుకు మా పూచీ మేం చేసిన పనివరకే. అంచు దగ్గర గాలి లీకైతే మేం చూస్తాం, టైరు ఉబ్బితే అమ్మినవాళ్లని అడగాలి. ఎవరి టైరైనా సరే, బిగించాక 80 నుంచి 160 కిలోమీటర్ల మధ్య ఒకసారి ఆగి వీల్ నట్ల టార్క్ (బిగుతు) మళ్లీ చూపించుకోండి. మా దగ్గరికి వస్తే దానికి చార్జీ లేదు.

ఆర్డర్ పెట్టే ముందు ఇప్పుడున్న టైరు పక్క గోడ ఫొటో, కొనబోయే టైరు పేజీ ఫొటో మాకు వాట్సాప్ చేయండి. సరిపోతుందో లేదో చూసి చెబుతాం, మా దగ్గర కొనకపోయినా పర్వాలేదు. రోడ్డు మీద ఆగిపోయిన బండ్లకు ముందు చేయాలి కాబట్టి బయటి టైర్ల ఫిట్టింగు ఉదయం పూట, ముందుగా చెప్పినవాళ్లకే.

ఒక్క విన్నపం. పార్సిల్‌ను నేరుగా మా షాపు అడ్రసుకు పెట్టకండి. రవాణాలో ఒకదాని మీద ఒకటి కుక్కడం వల్ల ట్యూబ్‌లెస్ టైర్ల బీడ్ నలిగి వస్తుంటుంది, అది దించుకునేటప్పుడే చూసి రసీదు మీద రాయాలి. మీరు గానీ మీ మనిషి గానీ లేకుండా మేం సంతకం పెట్టం.