ఇంటి సర్వర్ల పనితనానికీ ఒక ప్రదర్శన కావాలి

సంపాదకుల వారికి,

తిరుపతిలో ఇంట్లోని ఫోటోలూ ఫైళ్లూ ఒకేచోట దాచే కంప్యూటర్లను, అంటే స్టోరేజీ సర్వర్లను, సొంతంగా అమర్చుకుంటున్న యువత పనితనాన్ని పదిమందికీ చూపే వేదిక అవసరమని ఈ లేఖ రాస్తున్నాను. బైరాగిపట్టెడలో మా పొరుగింటి ఇంజినీరింగ్ విద్యార్థి పాత కంప్యూటరు మదర్‌బోర్డుకు 4 టెరాబైట్ల హార్డ్‌డిస్కులు నాలుగు తగిలించి, ప్లైవుడ్ పెట్టెలో బిగించి, డిస్కుకూ డిస్కుకూ మధ్య వేలెడంత సందు వదిలి, ముందు నుంచి గాలి లాగే ఫ్యాను అమర్చాడు. ఏది చెడిపోయినా వెంటనే గుర్తించేందుకు ఒక్కోదానికీ సీరియల్ నంబరు చీటీ అతికించాడు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ చీటీలే.

సమాచారాన్ని డిస్కులన్నిటికీ పంచి, పోయినదాన్ని తిరిగి రాబట్టేందుకు ఒక డిస్కంత చోటు కేటాయించే రెయిడ్ 5 పద్ధతిలో ఆ నాలుగింటికీ కలిపి సుమారు 12 టెరాబైట్లే వాడకానికి వస్తాయి గానీ, ఒక డిస్కు పూర్తిగా పోయినా సమాచారం నిలుస్తుంది. అయితే దీన్నే బ్యాకప్ అనుకోవడం ప్రమాదకరం; పొరపాటున చెరిపేసిన పెళ్లి ఫోటో మొత్తం సర్వరులోనే చెరిగిపోతుంది కనుక, మరో నకలు వేరే చోట ఉండి తీరాలి. మన ఎండలకు డిస్కుల వేడిని గమనిస్తుండాలి, కరెంటు పోయినప్పుడు సర్వరు సవ్యంగా ఆగేలా యూపీఎస్ ఉండాలి.

ఇలాంటివి రంగు లైట్ల హంగుతో కాకుండా, మూత తీసి, వైర్లూ ఖర్చుల వివరాలూ ముందుంచి, ఒక డిస్కును అక్కడికక్కడే ఊడదీసి చూపితే విద్యార్థులకు ఎంతో తెలుస్తుంది. తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం గానీ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గానీ వేసవి సెలవుల్లో ఒక ఆదివారం ఇందుకు చోటు కల్పించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి