మన కాలనీ సంక్షేమ సంఘానికి తోడ్పడిన వారందరికీ కృతజ్ఞతలు

మన కాలనీ సంక్షేమ సంఘం మొదటి వార్షిక సర్వసభ్య సమావేశం గత ఆదివారం పార్కు పక్కనున్న స్థలంలో, షామియానా కింద సజావుగా ముగిసింది. జమాఖర్చులకు సభ ఆమోదం తెలిపింది, కొత్త కార్యవర్గం ఎన్నికైంది. వందన సమర్పణ కార్యదర్శిగా నా వంతే అయినా భోజనాల వేళ మించిపోతుండటంతో రెండు మాటల్లో ముగించవలసి వచ్చింది. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను. తమ పేర్లు రాయవద్దని కొందరు పెద్దలు కోరినందున ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి గురించి చెబుతున్నానో కాలనీవాసులకు ఎలాగూ తెలుస్తుంది.

ముందుగా నమస్కరించవలసింది మెయిన్ రోడ్డుకు అవతలి కాలనీ సంఘం కార్యదర్శి గారికి. 1997లో జన్మభూమి కార్యక్రమం మొదలైన రోజుల్లో ఇంటింటా చందాలు పోగుచేసి, శ్రమదానం చేసి తమ వీధులు బాగుచేసుకున్న తరానికి చెందినవారాయన. సంఘం పెట్టాలంటే కాలనీలోని ఇళ్లన్నీ సంతకం చేయాలేమోనని మనలో చాలామంది జంకుతున్నప్పుడు, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు, ఒక సంఘ స్థాపన పత్రం, ఒక నియమావళి ఉంటే రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లవచ్చని చెప్పి ధైర్యమిచ్చింది ఆయనే. తమ నియమావళి ప్రతిని ఇవ్వడంతో సరిపెట్టుకోలేదు. మనం రాసుకున్న ముసాయిదాను పెన్సిలు పట్టుకుని వరుస వరుసా చదివి, అంచుల్లో ప్రశ్నలు రాశారు: ఖాళీ ప్లాటు యజమాని ఊళ్లో లేకపోతే ఓటు ఎవరు వేస్తారు, అపార్ట్‌మెంటుకు ఒక ఓటా లేక ఫ్లాటుకు ఒకటా, కోరం లేక సభ వాయిదా పడితే మళ్లీ ఎంతసేపటికి జరపాలి, అద్దెకున్నవారి మాటేమిటి.

ఆ చివరి ప్రశ్న మీద మన మధ్య గట్టి వాదనే నడిచింది. ఇల్లు సొంతమైతేనే సభ్యత్వం ఉండాలని కొందరు పట్టుబట్టారు. అయితే మన కాలనీలో చెత్త ఆటో రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా ముందుగా ఇబ్బంది పడేది అద్దెకుంటున్న కుటుంబాలే. చాలా ఇళ్ల యజమానులు వేరే ఊళ్లలోనో, విదేశాల్లోనో ఉన్నారు. నెలకు వంద రూపాయలు కడుతూ, వీధి పనికి వచ్చి నిలబడే మనిషికి ఓటు లేదనడం నాకు ఏ విధంగానూ సబబుగా తోచలేదు. చివరకు ఇంటికి ఒక ఓటు, అందులో నివసిస్తున్నవారికే ఆ ఓటు, ఆస్తికి సంబంధించిన తీర్మానాలలో మాత్రం యజమాని సమ్మతి తప్పనిసరి అన్న పద్ధతి కుదిరింది. పట్టు సడలించి దీనికి అంగీకరించిన పెద్దలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

కోశాధికారి గారి సేవకు నమస్కారాలు చాలవు. రిటైరైన ట్రెజరీ ఉద్యోగి చేతికి డబ్బు లెక్క వస్తే ఎలా ఉంటుందో అందరం చూశాం. రసీదు లేనిదే ఒక్క రూపాయి తీసుకోలేదు, వోచరు లేనిదే ఇవ్వలేదు. చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలన్న నియమాన్ని మోటారు కాలిపోయి పార్కుకు నీళ్లు లేని రోజున కూడా సడలించలేదు. అప్పుడు నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజమే. వినాయక చవితి చందాలను సంఘం ఖాతాలో కలపకుండా విడిగా రాయించడం కూడా ఆయన ఆలోచనే. ప్రతి నెలా మొదటి వారంలో కిరాణా కొట్టు గోడ మీద అంటించిన లెక్కల కాగితం చూశాకే సంఘం అంటే మొహం తిప్పుకునే ఇళ్లు కూడా ఒక్కొక్కటిగా చందా కట్టడం మొదలుపెట్టాయి.

వానాకాలంలో మూడో వీధి మురుగుతో నిండిపోయే సమస్య తీరిందంటే అది ఇద్దరి చలవ. సర్వే శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న బాబాయి గారు కాలనీ అంతా కాలినడకన తిరిగి, ప్రతి మ్యాన్‌హోలునూ, నీరు పారే వాలునూ బాణం గుర్తులతో చూపిస్తూ ఒక పటం గీశారు. పటం ప్రకారం ఉండవలసిన చోట రెండు మూతలు కనిపించలేదు. మన వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు గడ్డపలుగుతో రోడ్డు మీద తడుతూ వచ్చి, శబ్దం డొల్లగా వినిపించిన చోట ఆగి, ఇక్కడ తవ్వించండి సార్ అన్నారు. ఎప్పుడో రోడ్డు వేసినప్పుడు రెండు మూతలూ తారు కిందికి పోయాయి. మురుగు లైను జలమండలి పని, వాన నీటి కాలువ కార్పొరేషన్ పని. ఇంటికొకరు ఫోను చేసి తలా ఒక మాట చెప్పిన రోజుల్లో కదలని ఫిర్యాదు, ఆ పటం జతచేసి సంఘం పేరిట ఒకే ఉత్తరం రాశాక కదిలింది. ఆమెకు సభలో శాలువా కప్పాం. అంతకంటే ఆమె అడిగినట్టు వీధి మొదట్లో తాగునీటి కుళాయి పెట్టించడం ముఖ్యమని కొత్త కార్యవర్గానికి గుర్తుచేస్తున్నాను.

వీధికి ఇద్దరు చొప్పున ప్రతినిధులుగా నిలిచిన అక్కలు, వదినలు లేకపోతే ఇంటింటి జాబితా తయారయ్యేదే కాదు. వాట్సాప్ గ్రూపులో శుభోదయం బొమ్మలు ఆపించిన ఘనత కూడా వారిదే! సీసీ కెమెరాల విషయంలో స్టేషన్ నుంచి వచ్చిన ఎస్సై గారి సలహా మనకు డబ్బు ఆదా చేసింది: జనం పెద్ద సంఖ్యలో వచ్చిపోయే దుకాణాలు, ఫంక్షన్ హాళ్లకు 2013 నాటి ప్రజా భద్రతా చట్టం ప్రకారం కెమెరాలు ఎలాగూ ఉండాలి కనుక, మన సొమ్ముతో వీధుల చివరన మాత్రమే పెట్టుకున్నాం. షామియానా, కుర్చీలు ఉచితంగా ఇచ్చిన టెంట్ హౌస్ వారికి, వడ్డనలో నిలబడిన కుర్రాళ్లకు ధన్యవాదాలు.

ఎన్నికైన కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేసే కాగితాలను ఆడిటర్ గారు రుసుము తీసుకోకుండా సిద్ధం చేస్తున్నారు. వాటి నకలు, సభ ఆమోదించిన జమాఖర్చుల పట్టిక కిరాణా కొట్టులో ఉంచాం. ఇంటి నంబరులో గానీ పేరులో గానీ తప్పు ఉంటే ఈ శనివారం లోగా మీ వీధి ప్రతినిధికి తెలియజేయగలరు.