ఆదివారం ఫైర్ డ్రిల్, అందరూ రావాలి

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 9 గంటలకు సెల్లార్‌లో ఫైర్ డ్రిల్. ఫ్లాటుకి ఒకరైనా రావాలి, పనివాళ్లని, వాచ్‌మెన్ కుటుంబాన్ని కూడా పిలవండి.

ఎందుకింత హడావిడి అంటారా? జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క ప్రకారం 2022లో దేశంలో అగ్నిప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 7,435 మంది, అందులో సగానికి పైగా ఇళ్లలోనే. ఫ్యాక్టరీల్లో అనుకుంటాం కదా, నేనూ అలాగే అనుకున్నా. మన హైదరాబాద్‌లోనే గుల్జార్ హౌజ్ దగ్గర 2025 మే 18న ఒక్క ఇంట్లో 17 మంది పోయారు, 8 మంది చిన్నపిల్లలు. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంట లేస్తే, ఆ పొగ మెట్ల మీదుగా పైకెక్కి లాడ్జిలో ఉన్న 8 మంది ప్రాణాలు తీసింది.

ఇప్పుడు మన సెల్లార్‌లో రాత్రంతా ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఛార్జింగ్‌లో ఉండే బండ్లు గుర్తొచ్చాయా? పేర్లు చెప్పను 😀

శనివారం రాత్రిలోగా:
మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్లు, అట్టపెట్టెలు తీసేయండి. మూడో అంతస్తు వాళ్లు మరీ ముఖ్యంగా.
ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, నడవలేనివాళ్లు ఎవరింట్లో ఉన్నారో నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

ఎక్స్‌టింగ్విషర్ అందరి చేతా పట్టిస్తాం. పిన్ను లాగి, మంట అడుగుభాగానికి గురిపెట్టి కొట్టాలి, పైన కాదు. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు మాత్రం పోయొద్దు, స్టవ్ కట్టేసి మూత పెట్టేయండి.

ఫైర్ సర్వీస్ నంబరు 101 ఫోన్లో సేవ్ చేసుకోండి. మంటలప్పుడు లిఫ్ట్ ఎక్కొద్దు.

వచ్చేవాళ్లు కింద ఫ్లాట్ నంబరు పెట్టండి, టిఫిన్ లెక్క దాన్నిబట్టే.