టర్బో సౌండ్ కోసం వచ్చే మా కస్టమర్లకు

ఒంగోలు కర్నూలు రోడ్డులోని మా షెడ్డుకు ఈ మధ్య వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే పని గురించి. "అన్నా, యాక్సిలరేటర్ వదలగానే స్టుటుటు అని రావాలి, ఎంతవుతుంది?" అని కొందరు అడుగుతారు. "ప్‌ష్ అని గాలి వదిలే వాల్వు మా డీజిల్ బండికి పెడతారా?" అని ఇంకొందరు. కందుకూరు నుంచి, కావలి నుంచి కూడా బండి వేసుకుని వస్తున్నారు. అంత దూరం వచ్చాక కాదని చెప్పడం మీకూ బాధే, నాకూ కష్టమే. అందుకే ఏ పని చేస్తాం, ఏది చేయం, ఎందుకు చేయం అన్నది ముందే చెబుతున్నాను.

ప్‌ష్ అని గాలి వదిలే ఆ వాల్వునే బ్లో ఆఫ్ వాల్వు అంటారు. డీజిల్ కారుకు దాన్ని మేము బిగించం. ఎంత ఇస్తామన్నా బిగించం. పెట్రోల్ టర్బో కారైతే బండి చూశాకే మాట ఇస్తాం.

కారణం తెలియాలంటే ఆ చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలియాలి. ఇంజన్ నుంచి బయటికొచ్చే పొగ తోపుడుకు టర్బోలో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద రెండోవైపున్న చక్రం, అంటే కంప్రెసర్, బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజన్‌లోకి పంపుతుంది. చిన్న కార్ల టర్బోలు కూడా జోరు మీదున్నప్పుడు నిమిషానికి లక్ష చుట్లు దాటేస్తాయి. పెట్రోల్ కారులో గేరు మార్చడానికి మీరు కాలు తీయగానే ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలోని తలుపు, అంటే థ్రాటిల్, మూసుకుంటుంది, టర్బో మాత్రం వెంటనే ఆగదు. రొయ్యల చెరువుకు నీళ్లు తోడే మోటారు నడుస్తుండగా గేట్ వాల్వు ఒక్కసారిగా కట్టేస్తే పైపు ఎలా అదురుతుందో మన దగ్గర చాలామంది చూసే ఉంటారు. ఇక్కడ గాలిదీ అదే పరిస్థితి. ముందుకు దారి లేక వెనక్కి తిరిగి, తిరుగుతున్న కంప్రెసర్ రెక్కల మధ్య నుంచి తన్నుకొస్తుంది. రెక్కలు ఆ గాలిని తెగ్గొడుతుంటే వినిపించేదే మీరు అడిగే స్టుటుటు. దీన్నే కంప్రెసర్ సర్జ్ అంటారు. ఇది వేస్ట్ గేట్ చప్పుడని కొందరు అనుకుంటారు గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. అది పొగ వెళ్లే వైపు ఉండి, బూస్టు, అంటే టర్బో ఒత్తి పంపే గాలి ఒత్తిడి, హద్దు దాటకుండా చూసే భాగం.

ఈ గాలికి దారి చూపించడానికే కంపెనీవాళ్లు చాలా పెట్రోల్ కార్లలో ఒక వాల్వు పెట్టి ఇస్తారు. థ్రాటిల్ మూసుకోగానే మ్యానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) వాక్యూమ్ పుట్టి, సన్నటి హోస్ ద్వారా ఆ వాల్వును తెరుస్తుంది. కొన్ని కార్లలో ఈసీయూనే (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) కరెంటుతో తెరుస్తుంది. బయటికొచ్చిన గాలి మళ్లీ టర్బో ముందున్న పైపులోకే పోతుంది కాబట్టి పెద్దగా చప్పుడుండదు. మీరడిగే ప్‌ష్ వాల్వు అదే గాలిని బయటికి వదిలేస్తుంది. తేడా అంతే. దాంతో పికప్ పెరగదు, పవర్ పెరగదు. సౌండ్ నచ్చి పెట్టించుకుంటామంటే అది మీ ఇష్టం, తప్పు పట్టను. పవర్ కోసమని చెప్పి మాత్రం నేను అమ్మలేను.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. కొన్ని కార్లలో ఎయిర్ ఫిల్టర్ దాటగానే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటుంది. లోపలికి వచ్చిన గాలిని అది లెక్కపెడితే, ఆ లెక్కకు సరిపడా పెట్రోలును ఈసీయూ వదులుతుంది. లెక్కలోకి వచ్చిన గాలిని మనం మధ్యలో బయటికి వదిలేస్తే పెట్రోలు ఎక్కువైపోతుంది. గేరు గేరుకూ బండి జర్కు కొట్టడం, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం, నల్ల పొగ, చెక్ ఇంజన్ లైటు, అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడిని చూసే మ్యాప్ సెన్సర్ మీద నడిచే కార్లకు ఈ బాధ తక్కువ. మీ కారు ఏ రకమో స్కానర్ పెట్టి చూశాకే చెబుతాం. ఫోన్‌లో మోడల్ పేరు చెప్పి రేటు అడిగితే చెప్పలేకపోతున్నది అందుకే.

ఇక డీజిల్ సంగతి. మన జిల్లాలో తిరిగే టర్బో బండ్లలో చాలావరకు డీజిల్‌వే: ఇన్నోవాలు, స్కార్పియోలు, బొలెరోలు, పాత స్విఫ్ట్ డీజిల్‌లు. డీజిల్ ఇంజన్‌లో పవర్‌ను అదుపు చేసేది లోపలికి పోసే డీజిలే, గాలి కాదు. కొన్ని కొత్త బండ్లలో గాలి దారిలో ఒక ఫ్లాప్ ఉన్నా, అది ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) కోసం, పొగ ఫిల్టర్ శుభ్రం చేసుకోవడం కోసం. పెట్రోల్ థ్రాటిల్‌లా కాలు తీసిన ప్రతిసారీ మూసుకోదు. ఇంజన్ ఆ గాలిని పీలుస్తూనే ఉంటుంది కాబట్టి వెనక్కి తన్నే అవసరమే రాదు. అలాంటి బండికి అమ్మే కిట్‌లో ఉండేది ఒక సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు), పెడల్ దగ్గర ఒక స్విచ్చి. మీరు కాలు తీయగానే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచే భాగం) పైపుకు పెట్టిన కంతలోంచి గాలి వదిలేస్తుంది. చప్పుడు వస్తుంది, నిజమే. ఆ వాల్వు ఒకరోజు సరిగ్గా మూసుకోకపోతే బూస్టు కారిపోతుంది, పికప్ చచ్చిపోతుంది, నల్ల పొగ కక్కుతుంది. హైవే మీద లారీని దాటేటప్పుడు అలా జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. వేరే చోట బిగించుకుని ఈ బాధతో మా దగ్గరికి వచ్చిన బండ్లకు కిట్ తీసేసి, పాత పైపు వేసి పంపించాం.

రీమ్యాప్ చేసిన, అంటే ఈసీయూలోని సెట్టింగులు (మ్యాపు) మార్చిన, డీజిల్‌లో నిజంగానే ఆ సౌండ్ వస్తుంటే చూడాల్సింది మ్యాపును. వాల్వు దానికి మందు కాదు.

అన్నిటికన్నా ముఖ్యంగా ఈ విషయం గుర్తుంచుకోండి. కాలు తీసినప్పుడు వచ్చే చిన్న స్టుటుటు వేరు, యాక్సిలరేటర్ నొక్కి పట్టినప్పుడు వచ్చేది వేరు. మొదటిదాని వల్ల టర్బోకు ఎంత దెబ్బ అన్నదానిపై ఈ రంగంలో వాళ్లే వాదించుకుంటారు. తక్కువ బూస్టులో పెద్ద నష్టం లేదనేవాళ్లూ ఉన్నారు. రెండోదాని గురించి వాదనే లేదు. టాప్ గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో పెడల్ పూర్తిగా తొక్కితే, అందులోనూ రీమ్యాప్‌తో బూస్టు పెంచి ఉంటే, టర్బో ఇచ్చేంత గాలిని ఇంజన్ మింగలేదు. గాలి ముందుకూ వెనక్కీ కొట్టుకుంటూ ఇరుసును నెట్టుతుంది, ఆ దెబ్బంతా ఇరుసు ముందుకూ వెనక్కీ జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. అలాంటి చప్పుడు వింటే వెంటనే ఒక గేరు తగ్గించండి, తర్వాత బండి తీసుకురండి. ఆ సౌండ్‌ను వీడియో తీసి స్నేహితులకు పంపుతున్న కుర్రాళ్లను చూస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంది.

చీమకుర్తి వైపు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. సౌండ్ బాగా వినబడాలని ఫిల్టర్ డబ్బా పీకేసి ఓపెన్ ఫిల్టర్ పెట్టమంటున్నారు. గ్రానైట్ క్వారీల దుమ్ములో రోజూ తిరిగే బండికి నేను ఆ పని చేయను. ఆ ఫిల్టర్ ఆపలేకపోయిన సన్న దుమ్ము కంప్రెసర్ రెక్కల అంచులను అరగదీస్తుంది, ఆ తర్వాత సిలిండర్లలోకి పోతుంది. పైగా మన ఎండల్లో బోనెట్ కింది వేడి గాలినే పీల్చుకుంటుంది కాబట్టి ఉన్న పవర్ కూడా తగ్గుతుంది.

చట్టం సంగతీ తెలిసి ఉండండి. కంపెనీ ఇచ్చిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిముల దగ్గర కూడా పేచీ రావచ్చు. పెట్రోల్ కారుకు వాల్వు మార్చే ముందు ఇవన్నీ మీకు చెప్పి, పాత వాల్వు కవర్లో పెట్టి మీ చేతికే ఇస్తాం.

వీటికి బదులు ఈ నెల నుంచి టర్బో లైన్ ప్రెషర్ టెస్ట్ మొదలుపెట్టాం. పైపుల్లోకి గాలి ఎక్కించి, సబ్బునీళ్లు కొట్టి, ఎక్కడ కారుతుందో మీ కళ్లముందే చూపిస్తాం. పికప్ పోయింది, టర్బో మార్చాలన్నారని దిగులుగా వచ్చినవాళ్లలో చాలామందికి బయటపడేది చిరిగిన హోసో, వదులైన క్లాంపో, పాడైన వాల్వు డయాఫ్రమో. అది ముందే తెలిస్తే టర్బో ఖర్చు మిగులుతుంది. ఈ పని మీద మాకు మిగిలేది సౌండ్ కిట్ అమ్మితే వచ్చేదానికంటే బాగా తక్కువ. అయినా ఈ దారినే నడుస్తాం.

డీజిల్ బండికి వాల్వు కోసం ఇప్పటికే అడ్వాన్స్ పంపినవాళ్లు ఫోన్ చేయండి, మొత్తం తిరిగి వేస్తాం. టెస్ట్‌కు వచ్చేవాళ్లు ఉదయం పూటే రండి. ఇంజన్ వేడిగా ఉంటే పైపులు విప్పడానికి గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుంది.