సెన్సర్ కొనేముందు వైరు చూడండి

సంపాదకుడు గారికి,

మీటర్ బోర్డులో పసుపురంగు ఇంజిన్ బొమ్మ వెలగ్గానే స్కానర్ గుచ్చడం, కోడ్‌లో ఏ సెన్సర్ పేరు కనిపిస్తే దాన్ని కొనుక్కొచ్చేయడం సొంతంగా పనిచేసుకునేవాళ్లలోనూ, కొన్ని గ్యారేజీల్లోనూ మామూలైపోయింది. ఫోన్‌కి కలిసే బ్లూటూత్ స్కానర్లు చవగ్గా దొరుకుతున్నాయి, సంతోషమే. అయితే కోడ్ చెప్పేది ఒక్కటే: ఫలానా సర్క్యూట్ నుంచి ఇంజిన్ కంప్యూటర్‌కి, అంటే ఈసీఎంకి, రావాల్సిన రీడింగ్ రాలేదని. ఆ సర్క్యూట్‌లో సెన్సర్‌తో పాటు వైరు, వైర్లను కలిపే కప్లర్, ఫ్యూజు, ఎర్తు కూడా ఉంటాయి. ఎలక్ట్రికల్ సామాను డబ్బా విప్పాక షాపువాళ్లు వాపసు తీసుకోవడం అరుదు. అందుకే ముందు మల్టీమీటరు, తర్వాతే పర్సు తీయాలి.

మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే బండి తన లోపాలను తానే కోడ్ రూపంలో చెప్పే ఏర్పాటు, తప్పనిసరి అయింది. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి స్కానర్ పెట్టాక కోడ్ చెరపడానికి తొందరపడొద్దు. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఫొటో తీసి పెట్టుకోండి. లైటు వెలగడానికి కారణమైన క్షణంలో ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది, ఆర్‌పీఎం ఎంత, స్పీడు ఎంత, లోడు ఎంత అన్నది అందులో ఉంటుంది. ఎరేజ్ నొక్కితే, లేదా బ్యాటరీ వైరు పీకితే, ఈ ఆధారమంతా పోతుంది. లోపం మాత్రం పోదు, రెండు మూడు రోజుల్లో లైటు మళ్లీ పలకరిస్తుంది.

పెట్రోలు బండ్లలో తరచూ వచ్చే పీ0135 సంగతి చూద్దాం. పొగను శుభ్రంచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందుండి పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని దానర్థం. ఈ సెన్సర్ దాదాపు 300 డిగ్రీలు దాటితేగానీ సరిగా పనిచేయదు. పొద్దున్నే బండి తీసినప్పుడు దాన్ని త్వరగా వేడెక్కించడానికే లోపల హీటర్ పెడతారు. హీటర్ పోతే ఈసీఎం చాలాసేపు అంచనా మీదే పెట్రోలు పోస్తుంది, మైలేజీ పడిపోతుంది.

దీనికి మొదట చూడాల్సింది ఫ్యూజు. పీ0135తో పాటు పీ0141 కూడా వచ్చిందంటే కన్వర్టర్ వెనకున్న సెన్సర్ హీటర్ కూడా పనిచేయడం లేదన్నమాట. రెండు హీటర్లూ ఒకే రోజు కాలిపోవడం అరుదు, రెండింటికీ కరెంటిచ్చే ఫ్యూజో రిలేయో పోయి ఉంటుంది. ఫ్యూజు బాగుంటే ఇంజిన్ చల్లబడ్డాక సెన్సర్ కప్లర్ ఊడదీయండి. నాలుగు వైర్లలో ఒకే రంగువి రెండు, చాలా కంపెనీల్లో తెలుపువి, హీటర్‌వి. సెన్సర్ వైపు ఆ రెంటి మధ్య ఓమ్స్ చూడండి. సాధారణంగా 3 నుంచి 15 ఓమ్స్ లోపు చూపించాలి. మీటరు ఓఎల్ అని చూపిస్తే హీటర్ తెగింది, సెన్సర్ మార్చాల్సిందే. ఓమ్స్ సరిగ్గా ఉంటే బండి వైపు కప్లర్‌లో హీటర్ పిన్నుకి 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. కొన్ని బండ్లలో ఇంజిన్ స్టార్ట్ అయితేనే వస్తాయి. వోల్టులు కూడా ఉంటే తప్పు ఈసీఎం వైపు వెళ్లే వైరులో వెతకాలి. వానాకాలంలో వెచ్చదనం కోసం బానెట్ కింద దూరే ఎలుకలు కొరికిన వైర్లు, నీళ్లలో మునిగిన బండి కప్లర్లలో పట్టిన పచ్చటి చిలుము ఇక్కడే బయటపడతాయి. వాటికి కొత్త సెన్సర్ ఏం చేయగలదు?

ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల వేడి కొలిచే కూలెంట్ సెన్సర్ కోడ్ పీ0118 ఇంకా తేలిక. స్కానర్ లైవ్ డేటాలో, అంటే అప్పటికప్పుడు కనిపించే రీడింగుల్లో, మే నెల విజయవాడలో ఇంజిన్ వేడి మైనస్ 40 డిగ్రీలని చూపిస్తే సర్క్యూట్ ఎక్కడో తెగిందని అర్థం. రెండు పిన్నుల సెన్సర్ అయితే కప్లర్ పీకి, బండి వైపు ఆ రెండు పిన్నులనూ చిన్న వైరు ముక్కతో కలపండి. రీడింగ్ ఒక్కసారిగా 130 డిగ్రీల పైకి ఎగబాకితే వైరింగ్ బాగున్నట్టే, సెన్సర్ కొనొచ్చు. కదలకపోతే వైరు పట్టుకోండి. విప్పేది మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, లేకపోతే మరిగే కూలెంట్ చేతుల మీద పడుతుంది.

ఆక్సిజన్ సెన్సర్ విప్పడం ఓపిక పని. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ సెన్సర్ బిగించిన మరల (థ్రెడ్ల) దగ్గర కొట్టి ఉంచాలి. పొద్దున రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు గ్లౌజులు వేసుకుని విప్పితే తేలిగ్గా వస్తుంది. 22 ఎంఎం స్పానర్, లేదా వైరు దూరడానికి చీలిక ఉన్న సెన్సర్ సాకెట్ కావాలి. కిర్రుమని బిగుసుకుంటే బలవంతం చేయకుండా కాస్త వెనక్కి తిప్పి, మళ్లీ ఆయిల్ కొట్టి, ముందుకూ వెనక్కూ ఆడించాలి. బలం చూపిస్తే సెన్సర్ బిగించిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మరలు కొట్టుకుపోతాయి, అక్కడితో సెన్సర్ ఖర్చు చిన్నదనిపిస్తుంది. మరలు దెబ్బతిన్నట్టు కనిపిస్తే ఎం18×1.5 ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) నడిపి శుభ్రం చేయాలి. బండి కింద దూరాల్సి వస్తే జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు, కొయ్య దుంగలు అసలే వద్దు.

కొత్తదాని పార్ట్ నంబరు పాతదానితో పోల్చి చూడండి. నాలుగు వైర్లది ఉన్నచోట అయిదు వైర్ల వైడ్‌బ్యాండ్ పనిచేయదు. కప్లర్ లేని యూనివర్సల్ సెన్సర్ తెచ్చి వైర్లకు సోల్డరింగ్ పెడుతుంటారు. చాలా రకాల్లో సెన్సర్‌కి కావాల్సిన బయటి గాలి వైర్ల సందుల్లోంచే లోపలికి వెళుతుంది. సోల్డరు ఆ దారి మూసేస్తుంది, కాబట్టి క్రింప్ మాత్రమే, అంటే లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కడమే, చేయాలి. కొనకి గ్రీజు, సిలికాన్, పెనెట్రేటింగ్ ఆయిల్ ఏదీ తగలనివ్వొద్దు. మరలు పట్టేయకుండా వాటి మీద పేస్ట్ సాధారణంగా కంపెనీయే పూసి పంపుతుంది. ముందు చేత్తోనే ఆగేదాకా తిప్పి, ఆపైన 40 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో బిగించాలి. టార్క్ రెంచ్ లేకపోతే, కొత్త వాషర్ మీద అర చుట్టు నుంచి ముప్పావు చుట్టు చాలు. వైరు సైలెన్సర్ గొట్టానికి తగలకుండా పాత క్లిప్పులన్నీ పెట్టండి. అప్పుడు కోడ్ చెరిపి, ఇంజిన్ వేడెక్కాక లైవ్ డేటాలో చూస్తే ముందు సెన్సర్ వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతుండాలి.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది పీ0171కి. మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని ఆక్సిజన్ సెన్సర్ నిజమే చెబుతుంటే, చెప్పినదాన్నే పీకి పారేస్తారు! ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీఎం పెట్రోలు ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే శాతం, చూడండి. ఐడిలింగ్‌లో ప్లస్ 20 శాతం దాకా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు దిగితే ఎక్కడో వ్యాక్యూమ్ గొట్టం చీలింది. రేసు పెంచేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, లేదా మట్టిపట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ చూడాలి. కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పీ0420కి వెనక సెన్సర్ మార్చడం కూడా ఇలాంటిదే. తప్పు చాలాసార్లు కన్వర్టర్‌లోనో, గొట్టం లీకులోనో ఉంటుంది.

ఇంజిన్ బొమ్మ ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం స్కానర్ కోసం వెతక్కుండా బండి పక్కకి తీసి ఆపేయండి. మిస్‌ఫైర్ వల్ల కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తోందని అర్థం. ఎయిర్‌బ్యాగు వైరింగ్, డీజిల్ కామన్‌రైల్ గొట్టాల జోలికి ఇంట్లో వెళ్లొద్దు. వారంటీ ఉన్న బండికి వైరు కోయకండి.

గ్యారేజీలకు ఒక మాట. ‘సెన్సర్ మార్చాం’ అని ఒక్క లైను రాసి బిల్లు ఇవ్వడం మానాలి. వచ్చిన కోడ్, మీటరులో చూసిన ఓమ్స్, వోల్టులు, మార్చాక లైవ్ డేటా రీడింగ్ రాసి, పాత సెన్సర్‌ని బండి యజమాని చేతిలో పెట్టాలి. కస్టమర్లు కూడా బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు మీద ఈ మాట రాయించుకుంటే, చూడకుండా మార్చేవాళ్లకి బిల్లులో రాయడానికి అంకెలుండవు.

– ఒక ఆటో ఎలక్ట్రీషియన్, ఆటోనగర్, విజయవాడ