చైను అరుగుదల మొదటి వెయ్యి కిలోమీటర్లలోనే మొదలవుతుంది

సంపాదకులు గారికి,

కొత్త కారును మొదటి వెయ్యి కిలోమీటర్లూ నలభై స్పీడు దాటనివ్వొద్దనీ, పిస్టన్లు తిప్పే క్రాంకునూ వాల్వులు తెరిచే క్యామునూ కలిపే టైమింగ్ చైను ఉన్న ఇంజిన్‌కు ఇక దాని అరుగుదల దిగులే ఉండదనీ ఈ మధ్య మీ వాహనాల పేజీలో సలహా వచ్చింది. మొదటిది అంబాసిడర్ల నాటి మాట. రెండోది సగం నిజం. విజయనగరం, శ్రీకాకుళం రోడ్ల మీద టర్బో పెట్రోలు కార్లు, పికప్ కోసమే కొనే కార్లు బాగా పెరిగాయి. వాటికి ఈ రెండు సలహాలూ చేటు చేసేవే. ఎందుకో రాస్తున్నాం.

సిలిండరు బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, లోపలి గోడ అద్దంలా నున్నగా ఉండదు. హోనింగ్ రాయితో కావాలనే ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకునేలా సన్నటి గీతలు పెడతారు. గీతల గట్లు పిస్టన్ చుట్టూ ఉండే రింగు రాపిడికి చదునవుతాయి, పల్లాల్లో ఆయిల్ నిలుస్తుంది. రింగు సెట్ అవడం అంటే ఇదే. రింగుకు సొంత బిగువు కొంతే. దాన్ని గోడకేసి గట్టిగా అదిమేది మండిన గ్యాసు, అది రింగు వెనక్కి చేరి నెడుతుంది. ఎక్సలేటరు తొక్కీ తొక్కనట్టు నలభైలో పోతుంటే ఆ ఒత్తిడి చాలదు. గట్లు అరగవు, వాటి మీద ఆయిల్ మాడి లక్కపూతలా పేరుకుంటుంది. గ్లేజింగ్ అంటారు దీన్ని. ఒకసారి బాగా పట్టిందంటే తర్వాత ఎంత పద్ధతిగా నడిపినా వదలదు, ఇంజిన్ విప్పి మళ్లీ హోనింగ్ చేయించాల్సిందే.

ఇప్పటి కంపెనీలు ఆ గట్లను ఫ్యాక్టరీలోనే చాలావరకు చదును చేసి పంపుతున్నాయి. అందుకే కొత్త కారు కొంత మొరటుతనాన్ని ఓర్చుకుంటుంది. లేతులో బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి కట్టిన ఇంజిన్ ఓర్చుకోదు. అలాంటి ఇంజిన్‌ను రాత్రంతా ఐడిల్‌లో వదిలేసి, పొద్దున్నే 'సెట్ అయిపోయింది, తీసుకెళ్లండి' అనే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. గ్లేజింగ్‌కు అంతకన్నా దగ్గరి దారి లేదు. స్టార్ట్ చేశాక ఆయిల్ ప్రెషరు, లీకులు, ఫ్యాను చూసుకుని, ఇంజిన్ వేడెక్కగానే రోడ్డెక్కించాలి.

మరి ఎలా నడపాలి? మొదటి 300 కిలోమీటర్లు పెట్రోలు కారయితే 3,500 ఆర్‌పీఎం లోపు, పెడల్ సగానికి మించి నొక్కకుండా. 300 నుంచి వెయ్యి దాకా మెల్లగా పెంచాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక మూడో గేరులో 2,000 నుంచి 4,500 వరకు ముప్పాతిక పెడల్‌తో లాగించి, కాలు పూర్తిగా తీసేసి, గేరులోనే తగ్గనివ్వాలి. ఒక్కో ప్రయాణంలో ఇలా ఐదారుసార్లు చేస్తే చాలు. టాప్ గేరులో 1,200 దగ్గర పీకుతూ పోవడం మాత్రం టర్బో బండికి రెడ్‌లైన్ తొక్కడమంత చెరుపు. ఒకే స్పీడులో గంటలకొద్దీ పోవడమూ తగదు. అందుకే నంబరు ప్లేటు రాకముందే నరసన్నపేట నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీద ఆరో గేరులో క్రూజ్ కంట్రోల్ పెట్టి పోవడం వృథా. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వెళ్లే రోడ్డు నయం, ఊళ్లూ మలుపులూ గేర్లు మార్పిస్తాయి. సాలూరు దాటాక ఘాట్ మాత్రం నిండు లోడుతో మొదటి 500 కిలోమీటర్లలో ఎక్కించొద్దు. పెద్ద కంపెనీల పద్ధతి చూసినా ఇదే తేలుతుంది. బీఎండబ్ల్యూ ఎం కార్లకు 2,000 కిలోమీటర్ల దాకా 5,500 ఆర్‌పీఎం దాటొద్దంటారు. ఆ 2,000 దగ్గర సర్వీసు చేసి ఇంజిన్ ఆయిల్‌తో పాటు వెనక డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మారుస్తారు. నలభైలో నడపమని మాత్రం ఎవరూ అనరు.

రింగుల కథలో చైను ఎక్కడొస్తుంది అనొచ్చు. రెండింటినీ కలిపేది చాంబర్లోని, అంటే ఇంజిన్ అడుగు తొట్టిలోని ఆయిల్. రింగులు సరిగా సెట్ కాకపోతే మండిన గ్యాసు, మసి, కాలని పెట్రోలు కిందికి దిగి ఆయిల్లో కలుస్తాయి. పెట్రోలు ఆయిల్‌ను పలచన చేస్తుంది, మసి సన్నటి గరుకు కాగితంలా పనిచేస్తుంది. డీజిల్‌కు, నేరుగా సిలిండర్లోకి పెట్రోలు చిమ్మే జీడీఐ, టీఎస్ఐ ఇంజిన్లకు ఈ మసి మరీ ఎక్కువ. ఆ ఆయిలే చైను పిన్నుల్లోకి వెళుతుంది.

చైను సాగింది అంటాం గానీ ఇనుప బద్దలు సాగవు. ప్రతి లింకు దగ్గరా పిన్నూ బుష్షూ అరుగుతాయి. లింకుకు 8 మిల్లీమీటర్ల చొప్పున 140 లింకులున్న చైను తీసుకోండి. ఒక్కో కీలు దగ్గర 20 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో మూడో వంతు కూడా కాదు, అరిగితే మొత్తం పొడవు 2.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ వదులును, చైనును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ తన ప్లంజరును ముందుకు నెట్టి సర్దుకుంటుంది. అది చివరిదాకా వచ్చేశాక చైను ప్లాస్టిక్ గైడులను కొడుతుంది, అవి విరిగి చాంబర్లో పడతాయి, ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి, ప్రెషరు తగ్గుతుంది. టెన్షనర్ నడిచేదే ఆ ప్రెషరు మీద కదా! అక్కణ్ణుంచి పతనం వేగంగా ఉంటుంది. 20 పళ్ల క్రాంకు స్ప్రాకెట్ (చైను పట్టే పళ్ల చక్రం) మీద ఒక పన్ను జారితే టైమింగ్ 18 డిగ్రీలు తప్పుతుంది, బండి వణుకుతుంది, పికప్ చస్తుంది. రెండు మూడు జారితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. గోటితో పోయేది గొడ్డలిదాకా రావడం అంటే ఇదే.

ఆయిల్ మార్చడానికి కిలోమీటర్లొక్కటే లెక్క కాదు. సగటున 40 స్పీడులో 10,000 కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ 250 గంటలు నడిచినట్టు. ఏడు రోడ్ల కూడలి, కోట జంక్షన్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని సగటున 15 స్పీడులో తిరిగితే అదే 10,000కు దాదాపు 667 గంటలు. మీటరు మీద రెండూ ఒక్కటే, చైనుకు కాదు. అందుకే 15,000 కిలోమీటర్లకో ఏడాదికో సర్వీసని పుస్తకంలో రాసున్న బండికైనా, ఊళ్లో తిరిగే టర్బోకు 7,500కే ఆయిలూ ఫిల్టరూ మార్చమని మా మాట. కొత్త బండికి మొదటి ఆయిల్ వెయ్యికే దించేస్తే మంచిది, రింగులు సెట్ అయ్యేటప్పుడు రాలిన ఇనుప రజను అంతా అందులోనే ఉంటుంది. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అనే నాణ్యత గుర్తు ఉందో లేదో చూడండి. 2020లో వచ్చిన ఆ ప్రమాణంలో చైను అరుగుదలకు విడిగా పరీక్ష పెట్టారు. కంపెనీ చెప్పిన గ్రేడు మాత్రం మార్చొద్దు. అరిగిన చైను గలగల వినబడకుండా చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి అమ్మేసే బేరగాళ్లుంటారు. పాత కారు కొనేవారు ఆయిల్ బిల్లులు అడగాలి.

గలగల అన్నాం కాబట్టి అదెలా ఉంటుందో కూడా. రాత్రంతా ఆగిన బండిని బోనెట్ తెరిచి పొద్దున స్టార్ట్ చేయండి. టైమింగ్ కవరు వైపు నుంచి రెండు మూడు సెకన్లు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వచ్చి ఆగితే టెన్షనర్లో ఆయిల్ నిలవడం లేదు. ఫిల్టర్లో ఆయిల్‌ను వెనక్కి పోనివ్వని వాల్వు పాడైనా ఇలాగే వస్తుంది గనుక ముందు మంచి ఫిల్టర్ వేసి చూడాలి. వేడి ఇంజిన్‌లో కూడా, పెడల్ వదిలినప్పుడు 1,500–2,000 మధ్య గరగరలాడితే చైను పని దగ్గర పడింది. ఐడిల్‌లో కుట్టు మిషన్‌లా ఆగకుండా టిక్‌టిక్‌మనేది జీడీఐ ఇంజెక్టరు, దానికి భయపడొద్దు. స్కానర్లో పి0016, పి0017 కోడ్లు వస్తే క్రాంకుకూ క్యాముకూ పొత్తు కుదరడం లేదని అర్థం. సెన్సరు మార్చి కోడు చెరిపేసి పంపడం ఊరూరా ఉన్నదే. రెండోసారి అదే కోడు వస్తే కవరు విప్పించండి. అందరికీ ఒకే ఖర్చు కాదు. బీఎండబ్ల్యూ 320డి, 520డిల్లో వచ్చిన ఎన్47 డీజిల్‌కు చైను గేర్‌బాక్సు వైపు ఉంటుంది, దాన్ని చేరాలంటేనే ఇంజిన్ దించాలి. మన ట్యాక్సీ స్టాండుల్లో పాత డిజైర్ల 1.3 మల్టీజెట్‌కు చైను ముందే ఉంటుంది, కానీ ఆయిల్ ఆలస్యమైతే ముందు దెబ్బతినేదీ అదే.

మార్చేటప్పుడు చైను ఒక్కటే వేస్తే సగం పనే. టెన్షనర్, గైడులు, క్రాంకు, క్యాము స్ప్రాకెట్లు, ముందు ఆయిల్ సీలు, సాగే రకం బోల్టులు, అన్నీ కొత్తవే ఉండాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైను ఎక్కువకాలం రాదు. చాలా ఇంజిన్లలో క్రాంకు పుల్లీకి కీ ఉండదు, బోల్టు బిగువు మీదే నిలుస్తుంది. లాకింగ్ టూల్సు లేకుండా పెయింటు గుర్తులతో పని కానిచ్చేవారికి బండి ఇవ్వకండి. టెన్షనర్ లాక్ పిన్ను లాగడం మరిచిపోవడం జరుగుతూనే ఉంటుంది. పిన్ను చేతిలోకి వచ్చాకే కవరు మూయాలి. పిన్ను లాగాక, కవరు మూసేముందు క్రాంకును స్పానరుతో నడిచే దిశలో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూసుకోవాలి. వెనక్కి మాత్రం తిప్పకూడదు, వదులు వైపు చైను పన్ను దాటుతుంది. నిటారు ఎత్తులో హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో వదిలిన బండి వెనక్కి జారినా ఇదే ప్రమాదం. కవరుకు పూసే సీలెంటు సన్నటి తీగలా ఉండాలి, ఎక్కువైతే లోపలికి పొంగి ఊడి జల్లెడలో చేరుతుంది. చాంబరు దించి జల్లెడ చూడకుండా పని ముగించారంటే పాత గైడు ముక్కలు అక్కడే ఉన్నట్టు. ఆఖరున ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఐదేసి సెకన్ల చొప్పున ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టి, అప్పుడు ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేయాలి.

పాత చైను, టెన్షనర్, గైడులు సంచిలో పెట్టి ఇమ్మని ముందే చెప్పండి. బిల్లులో ఒక్కో సామాను పార్టు నంబరు రాయించుకోండి. ఆ తర్వాత వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ దించినప్పుడు పాత ఫిల్టరును కోయించి, కాగితం మడతల్లో అయస్కాంతం తిప్పి చూడమనండి. అయస్కాంతానికి అంటీ అంటనట్టు బూడిదరంగు పొడి ఉంటే సహజమే. గోరుకు తగిలే మెరిసే రేకులు కనబడితే మాత్రం ఆ రోజు బండిని ఇంటికి తీసుకెళ్లొద్దు.

— ఇంజిన్ పని చేసేవాళ్లం కొందరం, విజయనగరం