రేస్‌కోర్సులో అందరూ బుకీలు కారు

సంపాదకులకు,

క్రికెట్ పందేలు ఆడిస్తూ పోలీసులకు చిక్కినవాడూ బుకీయే, మలక్‌పేట రేస్‌కోర్సులో లైసెన్సుతో స్టాల్ పెట్టుకున్నవాడూ బుకీయే, టోట్ కౌంటర్‌లో (పందేల డబ్బంతా ఒకచోట పోగేసి గెలిచినవాళ్లకు పంచే చోట) జీతానికి టికెట్లు కొట్టే క్లర్కూ బుకీయే. మన పత్రికల్లో ఈ ముగ్గురికీ ఒకటే పేరు. వీళ్ల పని వేరు, డబ్బు బాధ్యత వేరు, చట్టం చూసే తీరు వేరు. దయచేసి విడదీసి రాయండి.

టోట్ క్లర్కు ధర, అంటే గెలిస్తే ఎంతకు ఎంత ఇవ్వాలన్నది, పెట్టడు. రేసు నంబరు, గుర్రం నంబరు, గెలుస్తుందనా (విన్), ముందు స్థానాల్లో వస్తుందనా (ప్లేస్), ఎంత అన్నది విని టికెట్ కొట్టి ఇవ్వడమే అతని పని. ఏ గుర్రం గెలిచినా అతనికి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు; గల్లా లెక్క సరిపోతే చాలు. గెలిచిన టికెట్‌కు వచ్చే డబ్బు, అంటే డివిడెండ్, తేలేది అందరి పందేల డబ్బూ కలిసిన పూల్‌లోంచి. ఉదాహరణకు విన్ పూల్‌లో లక్ష రూపాయలు పడి, పన్నులు, కమిషన్ కింద 20 శాతం తీసేశారనుకుందాం. మిగిలింది 80 వేలు. గెలిచిన గుర్రం మీద పడింది 16 వేలైతే పది రూపాయల టికెట్‌కు 50 వస్తుంది. టికెట్ కొన్నప్పుడు బోర్డు మీద కనిపించిన అంకె ఖాయం కాదు, చివరి నిమిషంలో పడే డబ్బుతో మారిపోతుంది. దానికి క్లర్కుతో గొడవపడటం అన్యాయం. అమెరికాలో ఇదే పని చేసేవాళ్లను మ్యూచువల్ క్లర్కులంటారు. ఈ పూల్ పద్ధతిని 1860ల్లో పారిస్‌లో మొదలుపెట్టిన జోసెఫ్ ఓలర్ దానికి పెట్టిన పారి మ్యూచువల్ అన్న పేరులోంచే ఆ హోదా వచ్చింది.

బుక్‌మేకర్ సంగతి వేరు. ధర పెట్టేది అతనే, నష్టం వస్తే భరించేదీ అతనే. నాలుగు గుర్రాల రేసులో 6/4, 2/1, 4/1, 5/1 అని ధరలు పెట్టాడనుకోండి. 4/1 అంటే రూపాయి కాస్తే నాలుగు లాభం, పెట్టుబడితో కలిపి అయిదు; అయిదులో ఒకటి అంటే 20 శాతం. అలా అన్నిటినీ శాతాల్లోకి మారిస్తే 40, 33.3, 20, 16.7; మొత్తం 110. పందేలు సరిగ్గా ఈ నిష్పత్తిలోనే పడితే లక్షా పదివేలు వసూలవుతుంది, ఏది గెలిచినా పెట్టుబడితో కలిపి లక్ష చెల్లిస్తాడు. పన్ను కట్టక ముందు చేతిలో మిగిలేది ఆ పదివేలే. కానీ పందేలు అలా సర్దుకుని పడవు. డబ్బంతా ఫేవరెట్ మీదే పడుతుంటే ధర తగ్గిస్తాడు, లేదా అందులో కొంత పక్క బుక్‌మేకర్ దగ్గర తానే కాస్తాడు. ఇది ఆలస్యమైతే ఒక్క రేసుతో ఆ రోజు సంపాదన పోతుంది.

స్టాల్‌లో డబ్బు పట్టుకునేవాడు, పుస్తకం రాసేవాడు బుక్‌మేకర్లు కారు. రాసేవాణ్ణి ఆస్ట్రేలియాలో పెన్సిలర్ అంటారు, సంచీ చూసుకునేవాణ్ణి బ్యాగ్‌మన్ అంటారు. బ్రిటన్‌లో తెల్ల గ్లవుజులతో చేతి సైగలు చేస్తూ రింగ్‌లో (బుక్‌మేకర్లు నిలబడే చోట) ధరలు చేరవేసిన టిక్‌టాక్ మనుషులు ఫోన్లు వచ్చాక దాదాపు కనుమరుగయ్యారు. ఇక గెలిచినవాళ్లకు ఎంత ఇవ్వాలో లెక్కకట్టేవాడు సెట్లర్. రెండు గుర్రాలు సమంగా గీత దాటాయా, 4/1 మీద కాసిన వంద రూపాయల్లో సగమే గెలిచినట్టు లెక్క. అంటే చేతికొచ్చేది 250, అయిదొందలు కాదు. స్టాల్ దగ్గర తగాదాలు ఎక్కువగా పుట్టే చోట్లలో ఇదొకటి.

కొత్తగా వెళ్లేవాళ్లు గుర్రం నంబరునూ, అది పరుగు మొదలుపెట్టే గేటు స్థానాన్ని చెప్పే డ్రా నంబరునూ కలగలిపేస్తారు. క్లర్కుకు డ్రా నంబరు చెబితే వేరే గుర్రం మీద టికెట్ వస్తుంది, రేసు మొదలయ్యాక దాన్ని మార్చేవాడు ఎవడూ ఉండడు. అందుకే కౌంటర్ వదలకముందే టికెట్ చూసుకోవాలి. బుక్‌మేకర్ దగ్గరైతే గుర్రంతో పాటు ధర కూడా చూసుకోవాలి. అరిచిన ధర ఒకటి, రాసిన ధర ఒకటైతే అక్కడికక్కడే దిద్దించుకోవాలి, తరువాత ఎవరూ వినరు. గీత దాటగానే ఓడిపోయామని టికెట్ చింపేయకూడదు. అభ్యంతరం వచ్చి స్టీవార్డులు (రేసును పర్యవేక్షించే అధికారులు) స్థానాలు మారిస్తే ఆ కాగితమే డబ్బవుతుంది.

చట్టం కూడా వీళ్లను ఒకే గాటన కట్టదు. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో మద్రాస్ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గెలుపు పదివేలు దాటితే 30 శాతం ఆదాయపు పన్ను మినహాయించి కట్టాల్సిన బాధ్యత బుక్‌మేకర్‌దీ, లైసెన్సు ఉన్న క్లబ్బుదీ. కిటికీలో కూర్చున్న క్లర్కుది కాదు. అలాంటి క్లర్కును, క్రికెట్ ముఠా కేసులో దొరికినవాడితో పాటు బుకీ అని రాస్తే ఆ ఇంట్లో పెళ్లి సంబంధాల దగ్గర కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

కౌంటర్‌లో ఉన్నవారిని టోట్ క్లర్కు అనండి. లైసెన్సున్నవారిని బుక్‌మేకర్ అనండి, ఆయన దగ్గర రాసేవారిని బుక్‌మేకర్ గుమస్తా అనండి. లైసెన్సు లేకుండా ఫోన్లలో, లాడ్జి గదుల్లో పందేలు ఆడించేవారికి 'అక్రమ బెట్టింగ్ నిర్వాహకులు' అన్న మాట ఇప్పటికే మీ పత్రికలో అప్పుడప్పుడు కనిపిస్తోంది. శీర్షికలో కాస్త చోటు ఎక్కువ తీసుకున్నా అదే వాడండి.

— ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్